తుడవని పిస్తోలు

పిస్తోలు ఆరోజు చక్కగా పేలింది. శాంతికి ఒళ్లు మండింది అందుకే.

బందరు ఊరి చివర, ఉప్పుమళ్ల పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందు పొడుగాటి బల్ల, దూరంగా ఎత్తుగా పోసిన మట్టికట్ట. ఫైరింగ్ రేంజి అంటే అంతే. బల్లమీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి, దానిమీద అరచేతిలో ఇమిడేంత చిన్న పిస్తోలును పెట్టారు. ఆయుధాలు చూసుకునే ఆర్మరర్ సుందరరాజు కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని, మ్యాగజైనులోకి తూటాలను ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి నింపాడు. నింపినదాన్ని అరచేతిమీద తట్టి పిడిలోకి తోశాడు. పైనున్న స్లైడును వెనక్కి లాగి వదిలితే అది విసురుగా ముందుకొచ్చి తన చోట కూర్చుంది. ఇక వరసగా పేల్చుకుంటూ పోయాడు. ఒక్కటీ ఆగలేదు. ఖాళీ తొడుగులు కిందనున్న రేకుమీద టంగుటంగున రాలాయి. మ్యాగజైను మార్చాడు. ఒంటిచేత్తో పేల్చాడు, ఎడమచేత్తో పేల్చాడు, పిస్తోలును పక్కకు వాల్చి కూడా పేల్చాడు. కట్టకు అంటించిన కాగితం మనిషికి ఛాతీ నిండా తూట్లు పడ్డాయి.

షెడ్డు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న డీఎస్పీ గోవర్ధనరావు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు. జిల్లాలో కొత్తగా పెట్టిన మఫ్టీ దళానికి ఆయనే పెద్ద. కోర్టులో సాక్ష్యం చెప్పవలసిన ఆడవాళ్లకు బెదిరింపులుంటే, ఆ దళంలోని మహిళా కానిస్టేబుళ్లు మామూలు బట్టల్లో, చుట్టాల్లాగా వాళ్ల పక్కన నడవాలి. పిస్తోలు బట్టల చాటున ఉండాలి. గోవర్ధనరావు ఎవరినీ కోప్పడడు. కోప్పడే అధికారికి ఎదురు చెప్పొచ్చు, చెప్పి తిట్లు తిని ఊరుకోవచ్చు. చిరునవ్వుతో మాట్లాడేవాడి ముందు ఏం చేస్తాం?

“చూశావుగా అమ్మా,” అన్నాడాయన. “పిస్తోలుకు ఏ లోపమూ లేదు.”

దానికి లేకపోతే లోపం నీలోనే ఉందని వేరే చెప్పాలా? శాంతి పళ్లు బిగబట్టి నిలబడింది. ఆమెకు శాంతి అని పేరు పెట్టినవాళ్లు ఇప్పుడామె ముఖం చూస్తే తొందరపడ్డామని నాలుక కరుచుకునేవాళ్లు.

కిందటి వారం కోడూరు బస్టాండులో రాఘవమ్మను బస్సు దింపింది శాంతే. రాఘవమ్మ రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే మనిషి. చెరువు నీళ్లు పంటకాలవలోకి వదలొద్దన్నందుకు ఒక రైతును చెరువు యజమాని మనుషులు చావగొడుతుంటే ఆమె చూసింది. చూసింది చూసినట్టు కోర్టులో చెప్తానంది. ఆరోజు బస్సు దిగి నాలుగడుగులు వేశారో లేదో, ఒకడు కొబ్బరిబోండాల కత్తితో మీదికొచ్చాడు. శాంతి కుర్తా పక్కకు లాగి పిస్తోలు తీసింది. స్లైడు లాగి వదిలింది. అది ముందుకొస్తూ, తన చోట కూర్చోకుండానే గోరంత దూరంలో ఆగిపోయింది. ట్రిగ్గరు నొక్కితే ఏ చప్పుడూ లేదు. తలమీదికి దిగుతున్న కత్తికి రాఘవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. శాంతి ఆ పిస్తోలునే రాయిలా పట్టుకుని వాడి దవడమీద కొడితే, వాడు కత్తి వదిలేసి పరుగెత్తాడు.

“సార్, అది తుడిచిన పిస్తోలు,” అంది శాంతి. “ఆరోజు ఉన్నట్టు ఇవాళ లేదు.”

“ఎవరు తుడిచారు?”

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. “నేనేనండి.”

గోవర్ధనరావు కుర్చీ వెనక నిలబడిన గన్‌మన్ రాజేష్ ఫక్కున నవ్వి, నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. మంచి కుర్రాడే. బుష్‌షర్టు వీపుకు అంటుకుపోయి ఉంది. దాని కింద నడుముకు అతనిదీ అలాంటి చిన్న పిస్తోలే. అందరికీ ఒకే సరుకు వచ్చింది. చెరువుల గొడవల్లో కొందరు పెద్దవాళ్లను లోపల వేసిన దగ్గర్నుంచి గోవర్ధనరావుకూ బెదిరింపులున్నాయి. రాజేష్ ముందు దిగి, చుట్టూ చూసి తలుపు తీస్తే తప్ప ఆయన కారు దిగడు.

తుడవడం గురించి శాంతి ఎవరికి ఏమని చెప్పుకుంటుంది? ఆయుధాన్ని మురికిగా తిరిగి అప్పగించకూడదు. అది పోలీసు ఉద్యోగంలో అన్నం తినేముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది. శిక్షణలో ఆర్మరర్ వేలు పెట్టి చూస్తే ఆ వేలికి మసి అంటకూడదు. అంటితే ఎండలో గ్రౌండు చుట్టూ పరుగు. ఆరోజు రాఘవమ్మను ఆస్పత్రికి పంపించాక, ఆమె నెత్తురు చేతులకింకా ఆరకముందే, శాంతి స్టేషన్ వరండాలో కూర్చుని పిస్తోలు విప్పింది. చున్నీ కొంగుతో తుడిచింది, బ్రష్షుతో గీకింది, నూనె చుక్కలు వేసి బిగించి అప్పగించింది. ఎవరూ చెయ్యమనలేదు. ఆ గడియలో ఆమె చేతులకు తెలిసిన పని అదొక్కటే. తూటా పేలి ఉంటే పంచనామా చేసేవారు. పేలని పిస్తోలుకు పంచనామా ఎవరు చేస్తారు? తన తప్పు లేదని చెప్పగల ఒక్క సాక్ష్యాన్నీ తన చేత్తోనే శుభ్రంగా తుడిచేసింది. తలుచుకున్నప్పుడల్లా తన చేతులమీద తనకే అసహ్యం వేస్తోంది.

మెమో పంపిస్తానన్నాడు గోవర్ధనరావు. ఆయుధాన్ని సరిగా చూసుకోకపోవడంవల్ల సాక్షికి గాయం. జవాబు బాగా ఆలోచించుకుని రాసుకోమన్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తన చేతిలో లేదని జాలిగా కూడా అన్నాడు. వచ్చే వాయిదాకు రాఘవమ్మను తీసుకువెళ్లడానికి దళంలోని రాధాకుమారిని వేశాడు.

“ఏ పిస్తోలుతో సార్?” అని అడిగింది శాంతి.

“ఇదే. బాగానే ఉందిగా.”

*

గుడివాడ ఆస్పత్రిలో రాఘవమ్మ మంచమ్మీద కూర్చుని ఉంది. కుడిచేతికి మోచేతిదాకా కట్టు. అందులో రెండు వేళ్లు ఇక మడతపడవని డాక్టరు చెప్పేశాడు. ఎడమచెయ్యి మాత్రం ఊరుకోవడంలేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి దుప్పటి అంచును పట్టుకుని, గిల్లి, మెలిపెట్టి వదులుతోంది. మళ్లీ పట్టుకుంటోంది. రొయ్య తలకాయ తీసే తీరు అది. ఇన్నేళ్లు కుడిచేత్తో చేసిన పనిని ఎడమచేతికి నేర్పుతోందని శాంతికి కాసేపటికిగాని తెలియలేదు. తెలిశాక చూడలేకపోయింది.

తెచ్చిన బత్తాయిలు బల్లమీద పెట్టి, పిస్తోలు పరీక్షలో బాగా పేలిందని చెప్పింది. దాచి ఏం లాభం?

“మరి ఆయేళ ఎందుకు పేల్లేదమ్మా?”

“తెలీదు రాఘవమ్మా.”

నిజంగానే తెలీదు. ఆ ముందు వారమంతా శాంతి ఆమె వెంటే ఉంది. బస్సుల్లో, కోర్టు వరండాలో, ఉక్కపోతలో, చెరువు గట్లమీద. పిస్తోలును నడుము నుంచి తీసింది పడుకునేటప్పుడే, అదీ దిండు కిందికే. తీసి విప్పి తుడుచుకునే తీరిక ఎక్కడ దొరికింది? దొరకలేదని చెబితే అదే నేరమంటారు. ఆడమనిషి ఇంటిలో కూర్చుని పిస్తోలు విప్పితే వీధి వీధంతా గుమిగూడుతుంది. మఫ్టీ ఉద్యోగమని దాచమన్నదీ వాళ్లే, రోజూ ఎందుకు తుడవలేదని అడిగేదీ వాళ్లే.

రాఘవమ్మ దుప్పటిని వదిలి శాంతివైపు తిరిగింది. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

“నువ్వు ఒట్టి చేతుల్తో వచ్చావని తెలిస్తే నేను బస్సు దిగకపోదును. వాడు కొట్టు పక్కన నిలబడటం నేను కిటికీలోంచి చూశాను. చూసే దిగాను. నీ నడుంకాడ అది ఉందిగదా అని దిగాను.”

పిస్తోలు లేకపోతే ఈమె క్షేమంగా ఉండేది, వేళ్లతో సహా. ఉండీ పేలని పిస్తోలే ఈమెను బస్సు దింపింది.

“వాయిదాకి నేనెట్టా ఎళ్లను?” అంది రాఘవమ్మ.

“రాధాకుమారి వస్తుంది తోడు.”

“ఆ అమ్మాయికాడ ఏముంటది?”

“అదే,” అంది శాంతి.

రాఘవమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఎడమచెయ్యి మళ్లీ దుప్పటి అంచును వెతుక్కుంది.

*

సుందరరాజు ఇల్లు చిలకలపూడిలో. శాంతి వెళ్లేసరికి అతని భార్య ప్రేమమ్మ వాకిట్లో పలకముందు కూర్చుని రోల్డుగోల్డు గొలుసు అతుకుతోంది. ఊదుగొట్టంతో మంటను ఒకవైపుకు ఊది, కరిగిన అతుకు గొలుసు కడీమీద పడగానే చిమటాతో పట్టుకుని పక్కకు జరుపుతోంది. సుందరరాజు లుంగీ కట్టుకుని అరుగుమీద పేపరు చదువుతున్నాడు. శాంతిని చూసి పేపరు మడిచాడుగాని ముఖం ప్రసన్నంగా లేదు.

చెప్పదలుచుకున్నది ఆమె ఒక్క గుక్కలో చెప్పింది. పిస్తోలును బల్లమీద నుంచి కాదు, ఒంటిమీద నుంచి తీసి పేల్చి చూడాలి. డ్యూటీలో మోసినట్టు కొన్నాళ్లు మోసి, మధ్యలో తుడవకుండా, తిన్నగా రేంజికి తెచ్చి పేల్చాలి. ఆ మాట డీఎస్పీగారితో బాబాయ్‌గారే అనాలి.

“అంటే నా పరీక్ష పరీక్ష కాదంటావు,” అన్నాడు సుందరరాజు.

“మీరు పేల్చింది మీ చేతి పిస్తోలు బాబాయ్‌గారూ. నాది కాదు.”

“రెండూ ఒకటే నంబరు. నా చేతిలో ఒక్కటి ఆగితే చూపించు. మీరు శుభ్రం చేసుకోరు, పిచ్చిపిచ్చి పౌడర్లు పూసుకుంటారు, ఆమీద నా సరుకుకు వంకలు పెడతారు.” అతనికి నిజంగానే కోపం వచ్చింది. బాగున్నదని సంతకం పెట్టింది తను. ఈ అమ్మాయి చెప్పేది నిజమైతే రాఘవమ్మ వేళ్ల పాపంలో తనకూ వాటా ఉంటుంది. మనిషికి కోపం రావడానికి అంతకంటే ఏం కావాలి?

శాంతి కూడా తగ్గలేదు. పౌడరు పూసుకోకపోతే ఆ ఇనుము కింద చర్మం ఊడి వస్తుందని, కావాలంటే ఒకరోజు కట్టుకుని బందరు బస్టాండులో నిలబడి చూడమని అంది. అన్నాక, పెద్దవాడితో అలా అన్నందుకు నొచ్చుకుంది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ప్రేమమ్మ ఊదుగొట్టం పక్కన పెట్టింది. “కొత్త పూత వేసినప్పుడల్లా మా అన్నయ్య ఏం చేస్తాడో నీకు తెలుసా అమ్మాయ్? గొలుసు నా మెళ్లో వేసి వంటింట్లోకి తోలతాడు. వారం తిరిగాక నల్లబడకపోతేనే అది బజారుకెళ్లేది. ఏవండీ, మీ పిస్తోలును ఎవరి నడుముకైనా కట్టి చూశారా?”

“నగా పిస్తోలూ ఒకటా?” అన్నాడు సుందరరాజు.

“చెమట ఒకటే కదా,” అని ఆవిడ మళ్లీ మంటమీదికి వంగింది.

సుందరరాజు మడిచిన పేపరును ఇంకా చిన్నదిగా మడిచాడు. “అడిగి చూస్తాలే. అది బ్రహ్మాండంగా పేలుద్ది. అప్పుడు మాత్రం నోరెత్తకు,” అన్నాడు చివరికి.

గోవర్ధనరావు కాదనలేదు. ఈ పిల్ల నోరు మూయించడానికి ఇంతకంటే తేలికదారి ఉండదనుకున్నాడు కాబోలు. మూడు రోజులు మోసి తెమ్మన్నాడు. ఎలాగూ రాఘవమ్మను ఆస్పత్రి నుంచి పంపేస్తున్నారు, ఆవిణ్ణి ఊళ్లో దింపి రమ్మన్నాడు. కోడూరు బస్టాండులో హోంగార్డు ఉంటాడు. మధ్యలో ఎవరూ పిస్తోలులో వేలు పెట్టలేదని తేలాలిగనక, సుందరరాజు పిస్తోలు పెట్టుకునే హోల్‌స్టరు మూతకు దారం చుట్టి, ముడిమీద లక్క కరిగించి పోసి, దానిమీద తన ఉంగరం గుద్దాడు.

గోవర్ధనరావు అటు తిరగగానే అతను గొంతు తగ్గించి అన్నాడు. “అవసరమొస్తే తెంపెయ్యమ్మా. పరీక్ష పోతే పోయింది.”

*

శాంతి మొదటిరోజు దాన్ని కట్టుకుని గుడివాడ ప్యాసింజరులో ఇంటికొచ్చింది, మర్నాడు అదే ప్యాసింజరులో వెళ్లి మళ్లీ వచ్చింది. మగవాళ్ల బెల్టుకోసం కుట్టిన హోల్‌స్టరు. ఆమె దానికి గుడ్డపట్టీ తగిలించి, కుర్తా కింద నడుముకు బిగించుకుంటుంది. రైలు పెట్టెలో జనం మీద జనం. కాసేపటికే పిస్తోలు ఒంటివేడికి వెచ్చబడుతుంది. ఆ తర్వాత పట్టీ తడుస్తుంది, పట్టీ కింద చెమటకాయలు చిటపటలాడతాయి, గోకితే చెయ్యి అటు పోయిందని పక్కవాళ్లు చూస్తారు. గోకకూడదు. డబ్బాలోంచి పౌడరు ఒంపుకుని, అద్దుకుని, మళ్లీ కట్టుకోవాలి. ఇంటికొచ్చాక చెయ్యి దానంతట అదే లక్క ముడిమీదికి పోయింది. తియ్యాలి, విప్పాలి, తుడవాలి. దురదకంటే అదే ఎక్కువగా బాధపెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరిగింది.

ఇది పేలకూడదని తను కోరుకుంటోంది. ఆ సంగతి తట్టినప్పుడు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఆదివారం ఆదివారం చర్చిలో మోకరించే మనిషి, తన ప్రాణం నిలబెట్టాల్సిన వస్తువు పాడైపోవాలని దేవుణ్ణి అడుగుతోంది. ఇక్కడిదాకా తెచ్చారు తనను. మజ్జిగ తాగుతూ తెచ్చారు.

మూడోరోజు పొద్దున్నే రాఘవమ్మను బస్సెక్కించింది. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి దాటి అవనిగడ్డలో దిగి, కోడూరు బస్సు మారారు. సీటు దొరికింది రాఘవమ్మకే. శాంతి కడ్డీ పట్టుకుని పక్కన నిలబడింది. కిటికీలోంచి ఉప్పుగాలి, చెరువుల వాసన, రోడ్డు దుమ్ము. రెండువైపులా చెరువుల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. రాఘవమ్మ కట్టుకట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, దారిపొడుగునా శాంతి నడుమునే చూస్తూ కూర్చుంది.

కోడూరు వచ్చింది. జనం దిగారు. రాఘవమ్మ లేవలేదు.

కండక్టరు ఒకసారి పిలిచాడు, మరోసారి కసిరాడు. శాంతి అతనికి చేత్తో సైగ చేసి, రాఘవమ్మ ముందు వంగింది. కిటికీలోంచి కొట్లు కనిపిస్తున్నాయి. హోంగార్డు టీకొట్టు బల్లమీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. కొబ్బరిబోండాల బండి ఉంది. బండివాడి చేతిలో కత్తి ఉంది. వాడు బోండాలు కొట్టుకునేవాడే, వాడికేం తెలుసు?

“ఇయాళ పేలుద్దా?” అని అడిగింది రాఘవమ్మ.

పేలుతుందని చెప్పడం చాలా తేలిక. కిందటిసారి అడక్కుండానే ఆ మాట చెప్పినట్టయింది.

“నాకు తెలీదు,” అంది శాంతి. “దాన్ని నమ్ముకుని దిగొద్దు. నేను ముందు దిగుతాను. నా భుజం పట్టుకో.”

ఆమె లక్క ముడిమీద ఒక చెయ్యి వేసుకుని మెట్టు దిగింది. బోండాలబండికీ బస్సుకూ మధ్య నిలబడింది. రాఘవమ్మ ఎడమచెయ్యి వచ్చి ఆమె భుజాన్ని పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది. ఆ పట్టు ఇంటిదాకా వదల్లేదు. దారిలో ఏమీ జరగలేదు. ఎవరో కల్లుకుండలు వేసుకుని సైకిల్‌మీద వెళ్తూ బాగున్నావా రాఘవమ్మా అని పలకరించాడు. ఆమె ఉలిక్కిపడి శాంతి వెనక్కి నక్కింది.

గుమ్మంలోకి చేరాక భుజం వదిలి అంది, “తెలీదన్నావు చూడు, అందుకే దిగాను.”

*

సాయంత్రం ఎండ వాలకముందే శాంతి రేంజికి చేరింది. ముఖం కడుక్కోలేదు. మంచినీళ్లు కూడా తాగలేదు. గోవర్ధనరావు అదే కుర్చీలో ఉన్నాడు. చీకటి పడేలోగా గుడివాడలో మీటింగుకు వెళ్లాలట, తొందరగా కానివ్వమన్నాడు. కారు గేటు దగ్గర పెట్టి ఉంది. రాజేష్ పొద్దుటినుంచీ ఆయనవెంట ఊరూరా తిరిగివచ్చాడు. చొక్కా చంకలనుంచి నడుందాకా తడిసి తెల్లగా చారలు కట్టింది. సుందరరాజు బల్లమీద తెల్లగుడ్డ పరిచి, లక్కమీద తన ఉంగరం గుర్తును కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి, తలూపాడు.

శాంతి గీతమీద నిలబడింది. దారం తెంపింది. పిస్తోలు తీసి, స్లైడు లాగి, వదిలింది.

అది ముందుకొచ్చి గోరంత దూరంలో ఆగిపోయింది. ట్రిగ్గరు నొక్కింది. ఏ చప్పుడూ లేదు. ఉప్పుమళ్లలో ఎక్కడో కొంగ అరిచింది.

ఆమె పిస్తోలును అలాగే తెల్లగుడ్డమీద పెట్టి వెనక్కి జరిగింది. సుందరరాజు వంగి స్లైడు వెనక బొటనవేలు పెట్టి నెట్టాడు. కదల్లేదు. అరచేత్తో కొడితేగాని కదల్లేదు. మెల్లగా విప్పాడు. లోపల గాడిలో బూడిదరంగు పేస్టు గడ్డకట్టి ఉంది. నూనె, పౌడరు, చెమట, గుడ్డనూలు, రోడ్డు దుమ్ము, ఏది ఎంతో ఎవరూ చెప్పలేరు. స్ప్రింగుమీద సన్నగా తుప్పు. అతను ఆ పేస్టును వేలికి రాసుకుని, వాసన చూసి, ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. బాగున్నదని సంతకం పెట్టిన చెయ్యి అదే.

గోవర్ధనరావు కూడా లేచొచ్చి చూశాడు. ఆయన ముఖంలో రవ్వంత మార్పు లేదు. “అయితే ఇది ఆడవాళ్లకు పనికిరాదన్నమాట,” అన్నాడు తీరిగ్గా. “చుడీదార్లూ, పౌడర్లూ... మాకు ముందే తట్టవలసింది. రేపటినుంచి మీ దళంలో ఎవరికీ పిస్తోళ్లుండవు. నీకు మెమో కూడా ఉండదు. సరేనా అమ్మా? నీ ఉద్యోగానికి ఢోకా లేదు, వెళ్లి రెస్టు తీసుకో.”

ఎంత మర్యాదగా చెప్పాడు! గెలిచినట్టే ఉంది. తలొంచుకుని థాంక్యూ సార్ అంటే ఇంటికెళ్లి స్నానం చేసి పడుకోవచ్చు. రేపు రాధాకుమారి చేతిలో లాఠీ ఉంటుంది, అదీ ఉంటే. రాఘవమ్మ వాయిదాకు దాన్ని నమ్ముకుని దిగాలి. చెడ్డ సరుకు తెచ్చినవాళ్లూ, బల్లమీద పెట్టి బాగుందన్నవాళ్లూ ఎవరూ కాదు, చివరికి తప్పు ఆడవాళ్ల ఒంటి చెమటది. అయినా మాట మాత్రం చల్లగా వచ్చింది.

“మగవాళ్లకు బాగానే పనిచేస్తుందా సార్?”

“ఇన్నాళ్లూ ఏ కంప్లయింటూ రాలేదుగా.”

“రాజేష్ దగ్గరున్నదీ ఇదే. అదీ ఓసారి పేల్పించండి. ఇప్పుడు, ఉన్నది ఉన్నట్టు.”

గోవర్ధనరావు నవ్వాడు. అవసరంలేదని అనబోయి, సుందరరాజు చేతిలోని పిస్తోలును వదిలేసి తనవైపే చూస్తూండటం గమనించి, మనసు మార్చుకున్నాడు. “కానీయ్ రాజేష్. అమ్మాయి ముచ్చట తీర్చేద్దాం.”

రాజేష్ ఈసారి నవ్వలేదు. గీతదాకా వచ్చి, బుష్‌షర్టు ఎత్తి పిస్తోలు తీశాడు. ఎడమచెయ్యి దానంతట అదే ప్యాంటు జేబులోకి వెళ్లి రుమాలు బయటికి లాగింది. “ఒక్క నిమిషం సార్, పైపైన తుడుచుకుని...”

“తుడవకు తమ్ముడూ,” అంది శాంతి.

అతను ఆమెవైపు చూశాడు. అతనికంతా తెలుసునని ఆ చూపులోనే తెలిసిపోయింది. ఎన్నాళ్లనుంచి విప్పలేదో, సారు వెంట తిరుగుడులో తనకు మాత్రం తీరిక ఎక్కడుందో, పరేడు ముందురోజు మాత్రమే తుడిచి మెరిపించి చూపించడం ఎలా అలవాటైందో. రుమాలు చేతిలోనే ఉంచుకుని, మట్టికట్టవైపు తిరిగి, స్లైడు లాగి వదిలాడు.

ఆగిపోయింది. నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కాగితం మనిషి ఛాతీలో పాత తూట్లే ఉన్నాయి.

గోవర్ధనరావు ఆ పిస్తోలును చూశాడు. తర్వాత గేటు దగ్గరున్న కారును చూశాడు. గేటవతల రోడ్డును చూశాడు. ఆ దారినే నిన్నా మొన్నా ఇదే మనిషి ఇదే పిస్తోలుతో చుట్టూ చూసి తలుపు తీస్తే తను దిగాడు. జనంలోకి నడిచాడు. మెడమీద పట్టిన చెమటను ఆయన అరచేత్తో తుడుచుకున్నాడు.

“శుభ్రం చేసి లోపల పెట్టెయ్యండి,” అన్నాడు. గొంతు మునుపటిలా లేదు.

రాజేష్ రుమాలు విప్పాడు. సుందరరాజు అడ్డంవచ్చి, ఆ రుమాలు అతని చేతిలోంచి లాక్కుని, నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు.

“వద్దు సార్. పంచనామా చేద్దాం,” అన్నాడు. “రెండూ పేలలేదుగా.”

గోవర్ధనరావు అతన్ని తేరిపార చూశాడు. కోప్పడితే బాగుండునేమో, ఆ విద్య ఆయనకు అలవాటులేదు. వాచీ చూసుకున్నాడు. ఎండ మట్టికట్ట మీదినుంచి దిగిపోతోంది.

“గుడివాడ వెళ్లాలి. ఇప్పుడు ఎలా వెళ్లను?” అన్నాడు. ఎవరినీ అడగలేదు, నోట్లోంచి వచ్చేసింది.

“రాఘవమ్మ కూడా అదే అడిగింది సార్,” అంది శాంతి.

ఆయన కుర్చీలో కూలబడి, మజ్జిగ గ్లాసు అందుకుని, అందులో ఏమీ లేదని చూసి కింద పెట్టాడు. సుందరరాజు కాగితాలకోసం షెడ్డులోకి వెళ్లాడు. శాంతి బల్ల దగ్గరే నిలబడింది. ఆమె చేతులు తెల్లగుడ్డవైపు పోతుంటే రెండూ కట్టుకుని, చంకల్లో బిగించి పెట్టుకుంది.